కరవని స్కూల్ షూ: ఏ సైజు, ఏ రకం, ఎంతలో

జూన్ 12న బళ్లు తెరుస్తారంటే అంతకు ముందు ఆదివారం చెప్పుల షాపుల్లో నిలబడే చోటుండదు. యూనిఫాం, పుస్తకాలు, బ్యాగు అన్నీ అయ్యాక, చేతిలో డబ్బులూ ఒంట్లో ఓపికా రెండూ తగ్గాక గుర్తొచ్చేది షూ. పిల్లాణ్ణి స్టూల్ మీద కూర్చోబెట్టి, ఒక కాలికి తొడిగి, ముందు వైపు బొటనవేలితో నొక్కి చూసి, "ఖాళీ ఉంది, ప్యాక్ చేసెయ్యండి" అని పది నిమిషాల్లో బయటపడతాం. ఆ షూతోనే వాడు రోజుకు ఏడెనిమిది గంటలు, ఏడాదిలో 200 రోజులకు పైగా గడపాలి.

రెండేళ్ల కిందట నేనూ అలాగే కొన్నాను. మా బాబు అప్పుడు రెండో తరగతి. "ఒక సైజు పెద్దది తీసుకోండమ్మా, ఏడాదంతా వస్తుంది" అన్నాడు షాపతను. నాకూ ఆ మాట నచ్చింది. మూడో రోజు సాయంత్రం సాక్స్ విప్పుతుంటే మడమ వెనక రూపాయి బిళ్లంత ఎర్రటి మరక. సాక్స్ చర్మానికి అంటుకుపోయింది. గోరువెచ్చటి నీళ్లతో తడిపి మెల్లగా తీశాను. వాడు ఏడవలేదు. "కొత్త షూ మొదట్లో కరుస్తుందని నువ్వే అన్నావుగా అమ్మా" అన్నాడు. రెండు రోజులుగా నొప్పి ఓర్చుకుని తిరిగాడన్నమాట, నా మాట నమ్మి.

మా పెదనాన్న తెనాలిలో చాలా ఏళ్లు చెప్పుల షాపు నడిపారు. వేసవి సెలవుల్లో అక్కడే ఉండేదాన్ని, అట్టపెట్టెలు అందిస్తూ. పిల్లలకు షూ అమ్మేటప్పుడు ఆయన ముందు వైపు నొక్కి ఊరుకునేవారు కాదు. రెండు కాళ్లకూ తొడిగి, లేసు కట్టి, "గుమ్మం దాకా నడిచి రా నాన్నా" అనేవారు. తను కింద కూర్చుని వెనక నుంచి చూసేవారు. అడుగు లేచినప్పుడు మడమ, షూ కలిసి లేస్తున్నాయా, లేక షూ నేలకు ఉండిపోయి మడమ ఒక్కటే పైకి వస్తోందా? మడమ ఒక్కటే వస్తే ఆ జత పక్కన పెట్టేసేవారు, కొనేవాళ్లు ఫర్వాలేదన్నా సరే. ఇదంతా చూస్తూ పెరిగిన నేను నా కొడుకు దగ్గరికి వచ్చేసరికి తొందరలో మర్చిపోయాను. ఆ తర్వాత మా ఇద్దరు పిల్లలకూ, మా ఆడపడుచు పిల్లలకూ కలిపి ఎనిమిది జతలు దగ్గరుండి కొన్నాను. ఇక్కడ రాస్తున్నది ఆ అనుభవం, పెదనాన్న షాపులో నేర్చుకున్నది కలిపి.

ఒక సైజు పెద్దదా, సరిపోయేదా?

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. తోలా రెక్సినా, ఏ కంపెనీ, ఎంత ధర, ఇవన్నీ దీని తర్వాతే.

మన షాపుల్లో షూ మీద కనిపించే అంకె ఎక్కువగా బ్రిటన్ కొలత. పిల్లల సైజులు 13 దాకా వెళ్లి మళ్లీ 1 నుంచి మొదలవుతాయి. పోయినేడాది 13 వేసుకున్న పిల్లాడికి ఈ ఏడాది 1 ఇస్తే కంగారు పడొద్దు, అది పెద్దదే. ఒక సైజుకూ తర్వాతి దానికీ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్లు.

పిల్లలు నిలబడ్డప్పుడు పొడవైన వేలికీ షూ మొనకూ మధ్య 10 నుంచి 12 మి.మీ. ఖాళీ ఉండాలి. పెద్దవాళ్ల చిటికెనవేలు పట్టేంత. నడిచేటప్పుడు పాదం ముందుకు జరగడానికీ, రాబోయే నెలల్లో పెరగడానికీ కావాల్సిన చోటు ఇందులోనే ఉంది. దీని మీద ఇంకో సైజు పెంచితే ఖాళీ 20 మి.మీ. అవుతుంది. అప్పుడు షూ జారిపోకుండా పిల్లలు వేళ్లు ముడిచి పట్టుకుని నడుస్తారు. మడమ ప్రతి అడుగుకూ రాసుకుంటుంది. మెట్ల దగ్గర మొన తగిలి తూలుతారు.

ఏడాదంతా వస్తుందన్న ఆశ కూడా నెరవేరదు. షూ వంగడానికి ఒక చోటు ఉంటుంది, ముందు నుంచి మూడో వంతు దగ్గర, వేళ్ల మొదళ్లు వచ్చే చోట. షూ పెద్దదైతే కాలు వంగే చోటూ షూ వంగే చోటూ కలవవు. పైభాగం వంగకూడని చోట వంగి అక్కడే మడత పడి పగులుతుంది. మొన నేలకు ఈడ్చుకుని ముందే అరుగుతుంది. మా బాబు పెద్ద సైజు షూ సంక్రాంతికల్లా నోరు తెరిచింది. అప్పటికి వాడి కాలు ఇంకా ఆ సైజుకు రానే లేదు.

బడి వయసు పిల్లల పాదం సుమారుగా ఏడాదికి ఒక సైజు పెరుగుతుంది. నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలకు ఇంకా తొందరగా. అంటే ఇప్పుడు సరిపోయే షూ కొంటే ఏడు నుంచి తొమ్మిది నెలలు వస్తుంది. ప్రాథమిక పాఠశాల పిల్లలకు ఒకే జత ఏడాది పొడవునా రావాలనుకోవడమే తప్పు లెక్క. 1,500 పెట్టి పెద్ద సైజు ఒక్క జత కొనే బదులు, 700 లోపు సరిపోయే జత జూన్‌లో ఒకటి, సంక్రాంతి సెలవుల తర్వాత ఒకటి కొనండి. ఖర్చు దాదాపు అంతే, రెండు జతలూ కాలికి సరిగ్గా ఉంటాయి.

రెండు సైజుల మధ్య ఇరుక్కుంటే, అరసైజు దొరకకపోతే, పెద్దది తీసుకుని లోపల పల్చటి ఇన్‌సోల్ ఒకటి వేయండి. పాదం కాస్త పైకి లేచి మడమకు పట్టు వస్తుంది. ముందు వైపు దూదో పేపరు ముక్కో కుక్కడం మాత్రం వద్దు. వేళ్లు కదలడానికి ఉంచిన చోటును మనమే మూసేసినట్టవుతుంది.

చీపురు పుల్ల కొలత, దాన్ని మించినది

పల్లెల్లో పెద్దవాళ్లు పట్నం వెళ్తూ పిల్లల కాలి పక్కన చీపురు పుల్ల పెట్టి, మడమ నుంచి బొటనవేలి దాకా విరిచి, జేబులో పెట్టుకుని వెళ్లేవారు. షాపులో ఆ పుల్లను షూ లోపల పెట్టి చూసేవారు. పెదనాన్న షాపుకు అలాంటి పుల్లలు చాలా వచ్చేవి. ఆయన పుల్ల తీసుకుని మొదట అడిగేది ఒకటే: "కూర్చోబెట్టి కొలిచారా, నిలబెట్టి కొలిచారా?" కూర్చున్నప్పటి కంటే నిలబడితే పాదం బరువుకు పరుచుకుని పొడవు, వెడల్పు రెండూ పెరుగుతాయి.

ఇంట్లో ఇలా కొలవండి. గోడకు ఆనించి నేల మీద తెల్ల కాగితం పెట్టండి. సాయంత్రం పూట, స్కూల్ సాక్స్ తొడిగి, మడమ గోడకు తగిలేలా పిల్లల్ని నిలబెట్టండి. పగలంతా తిరిగాక కాళ్లు కాస్త ఉబ్బుతాయి, ఎండాకాలం ఇంకా ఎక్కువ. అందుకే పొద్దున కొలత సాయంత్రానికి బిగుతవుతుంది. పెన్సిల్ నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ గీయండి. పెన్సిల్ లోపలికి వాలితే కొలత తగ్గిపోతుంది. గోడ నుంచి పొడవైన వేలి దాకా స్కేలు పెట్టండి. కొందరికి బొటనవేలి కంటే రెండో వేలు పొడవు, దాన్నే లెక్కలోకి తీసుకోవాలి. రెండు కాళ్లూ కొలవండి, సాధారణంగా ఒకటి కాస్త పెద్దదిగా ఉంటుంది. పెద్ద కాలే లెక్క. దానికి ఒక సెంటీమీటరు కలపండి. పాదం 19.5 సెం.మీ. ఉంటే షూ లోపలి పొడవు 20.5 సెం.మీ. ఉండాలి.

గీసిన బొమ్మను కత్తిరించి షాపుకు తీసుకెళ్లండి. షూ లోపలి ఇన్‌సోల్ బయటికి వచ్చే రకమైతే దాన్ని తీసి, ఈ బొమ్మను దాని మీద పెట్టండి. పిల్లలు పక్కనే ఉంటే ఇన్‌సోల్ మీదే నిలబెట్టండి. ముందు సెంటీమీటరు ఖాళీ కనిపించాలి, పక్కలకు పాదం అంచు దాటి పొర్లకూడదు. షూ మీది అంకె కన్నా ఈ పరీక్ష నమ్మకమైనది. ఎందుకంటే ఒక కంపెనీ 1 ఇంకో కంపెనీ 1తో కలవదు, ఒకే కంపెనీలో రెండు మోడళ్లే కలవవు.

వెడల్పు మన పిల్లలకు అసలు ఇబ్బంది

షూ పొడవు సరిపోయినా చిటికెనవేలి దగ్గర కరుస్తుందని చెప్పే పిల్లలు మన దగ్గర ఎక్కువ. ఇంట్లో ఒట్టి కాళ్లతో, బయట చెప్పులతో తిరిగే కాళ్లు మనవి. వేళ్లు విచ్చుకుని ఉంటాయి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధనా సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలు కొలిచింది. యూరప్, అమెరికా వాళ్ల కంటే మన పాదాలు వెడల్పని తేల్చి, మనకంటూ 'భ' అనే సైజుల పద్ధతిని ప్రతిపాదించింది. ఇప్పటిదాకా మనం చేస్తున్నది బ్రిటన్ అచ్చులో మన కాలు దూర్చడమే.

వెడల్పు చాలనప్పుడు షాపులో ఇచ్చే మొదటి సలహా సైజు పెంచమని. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. వెడల్పు కోసం పొడవు పెంచితే మడమ వదులైపోతుంది, మళ్లీ మొదటికొస్తాం. మొన గుండ్రంగా, వెడల్పుగా ఉన్న మోడల్ వెతకండి. కోసుగా ఉన్న మొన పిల్లలకు వద్దే వద్దు, ఎంత ముచ్చటగా ఉన్నా. షూ వేసుకున్నాక లోపల వేళ్లు ఆడించమనండి. పైన తోలు మెల్లగా కదులుతున్నట్టు కనిపించాలి.

కొత్త షూ అయినా నొప్పి ఉండకూడదు. తోలు కాస్త సాగుతుంది, నిజమే. రెక్సిన్ సాగదు. షాపులో కరిచిన రెక్సిన్ షూ మార్చిలో కూడా కరుస్తుంది.

తోలు, రెక్సిన్, కాన్వాస్

షాపులో 'సింథటిక్' అంటారు, మనం రెక్సిన్ అంటాం. బట్ట మీద పీయూ గానీ పీవీసీ గానీ, అంటే ఒకరకం ప్లాస్టిక్, పూత పూసిన సరుకు. నల్ల స్కూల్ షూలలో ఎక్కువ భాగం ఇవే, పెద్ద కంపెనీలవి కూడా. మా గుంటూరులో నేను చూసిన ధరలు 400 నుంచి 900. తడిగుడ్డతో తుడిస్తే శుభ్రమవుతాయి, పాలిష్ అక్కర్లేదు. జూన్, జులై వానల్లో తడిసినా పెద్దగా పాడవవు. గాలి ఆడకపోవడం వీటి లోపం. సాయంత్రానికి లోపల చెమటతో తడి, వాసన. ఇంకోటి, మడత పడే చోట పూత పొరలు పొరలుగా లేస్తుంది, ఒకసారి లేచిందంటే బాగుచేయడం కుదరదు. కొనేటప్పుడు ఆ చోటును వేళ్లతో గట్టిగా మడిచి చూడండి. తెల్లటి గీత వచ్చి అలాగే ఉండిపోతే ఆ షూ ఆరు నెలలు కూడా రాదు.

అసలు తోలు షూ 1,500 నుంచి 2,500 దాకా ఉంటుంది. గాలి ఆడుతుంది, చెమట పీల్చుకుంటుంది, కాలి ఆకారానికి ఒదుగుతుంది. గీత పడితే పాలిష్‌తో పోతుంది, కుట్టు ఊడితే వేయించుకోవచ్చు. కానీ వారానికి రెండుసార్లైనా బ్రష్ పట్టాలి, వానలో తడిస్తే రెండు రోజులు ఆరాలి. ఎదిగే వయసు పిల్లాడికి ఇంత పెట్టి కొంటే షూ ఇంకా గట్టిగా ఉండగానే చిన్నదైపోతుంది. ఆడపిల్లలకు 12, 13 ఏళ్లకూ, మగపిల్లలకు 15 ప్రాంతంలోనూ పాదం ఎదుగుదల బాగా నెమ్మదిస్తుంది. తోలు మీద డబ్బు పెట్టాల్సింది అప్పుడే. ఎనిమిదో తరగతి అమ్మాయికి తోలు షూ రెండేళ్లు వస్తుంది, అదే రెండో తరగతి పిల్లాడికి ఎనిమిది నెలలే.

తెల్ల కాన్వాస్ షూలు శనివారాలకూ, ఆటల పీరియడ్‌కూ. 250 నుంచి 500. తేలిక, గాలి బాగా ఆడుతుంది, ఉతికితే ఎండలో ఒక్క రోజులో ఆరిపోతాయి. సోలు పల్చన, మడమ దగ్గర పట్టు తక్కువ. వారమంతా ఇవే వేసి పంపడం మంచిది కాదు. కొనేటప్పుడు బొటనవేలి దగ్గర రబ్బరు కప్పు ఉన్నది చూసుకోండి. మన పిల్లల బొటనవేలు ముందు పొడుచుకొచ్చేది అక్కడే. తెల్ల పాలిష్ తడిగా ఉండగానే వేసుకెళ్తే ప్యాంటు అంచంతా అంటుకుంటుంది, ముందు రోజు రాత్రే పూసి పెట్టాలి. మా చిన్నప్పుడు సుద్దముక్క రుద్దేవాళ్లం, దాంతో కూడా పని జరుగుతుంది.

సోలు: షూ బతికేదీ చచ్చేదీ ఇక్కడే

పైభాగం చూసి కొంటాం, పాడయ్యేది సోలు. షాపులో తిరగేసి చూడటానికి మొహమాట పడొద్దు.

పీవీసీ సోలు చవక, గట్టిది, త్వరగా అరగదు. కానీ బరువు, బిరుసు. తడిసిన టైల్స్ మీదా గ్రానైట్ మెట్ల మీదా జారుతుంది. ఇప్పుడు బళ్లన్నీ టైల్సే కాబట్టి వానాకాలం ఇది చిన్న విషయం కాదు. టీపీఆర్ అంటారే, రబ్బరులా మెత్తగా వంగేది, దానికి పట్టు బాగుంటుంది, మధ్యరకం ధరలోనే దొరుకుతుంది. స్కూల్ షూకు నేను మొదట వెతికేది ఇదే. ఈవీఏ అంటే స్పాంజిలాంటి తేలికపాటి సోలు. చిన్న పిల్లలకు హాయిగా ఉంటుంది, కానీ రోడ్డు మీద నడిచి వెళ్లే పిల్లలకు మడమ దగ్గర తొందరగా అరిగిపోతుంది. బస్సులోనో వ్యాన్‌లోనో వెళ్లే పిల్లలకైతే చాలు.

పీయూ సోలు తేలిక, మెత్తన, మన్నిక కూడా ఎక్కువే. ఒక్క ప్రమాదం ఉంది. వాడకుండా రెండు మూడేళ్లు బీరువాలో ఉంచితే గాలిలోని తేమకు లోపల లోపలే పాడై, ఒకరోజు తొడుక్కోగానే బిస్కెట్‌లా పొడిపొడి అవుతుంది. అక్క షూ తమ్ముడికని దాచినవి, సేల్‌లో చవకగా వచ్చాయని ముందే కొనిపెట్టినవి ఇలా అవుతాయి. చాలాకాలం స్టాకులో పడి ఉన్న షూ కూడా అంతే. అట్టపెట్టె మీద తయారైన నెల, సంవత్సరం చూడండి.

సోలు ఎలా అంటించారన్నది మన్నికలో సగం. సొల్యూషన్‌తో అతికించి వదిలేసినవి వాన తగిలాక ముందు నుంచి నోరు తెరుస్తాయి. పక్కల కుట్టు వేసినవి నిలబడతాయి. సోలును పైభాగం మీదే పోతపోసినట్టు చేసేవి ఇంకో రకం, వాటికి అతుకే ఉండదు కాబట్టి ఊడే భయం తక్కువ. కొన్నిటి మీద కుట్టు ఉన్నట్టు గీతలు అచ్చువేసి ఉంటాయి. గోటితో గీకితే దారం తగులుతుందో లేదో తెలిసిపోతుంది.

అతికించిన షూ కొంటే, వేసుకోకముందే చెప్పులు కుట్టే ఆయన దగ్గర సోలు చుట్టూ కుట్టు వేయించండి. మా వీధి చివర తాత జతకు 80 రూపాయలు తీసుకుంటారు. ఆయన వేసిన కుట్టు షూ కంటే ఎక్కువ కాలం ఉంటుంది. సూది రంధ్రాల్లోంచి వాన నీళ్లు కాస్త లోపలికి వస్తాయి, అయినా నోరు తెరిచిన షూ కన్నా నయం.

చేత్తో చేసే పరీక్షలు మూడు చాలు. మొన, మడమ పట్టుకుని వంచితే వేళ్ల మొదళ్ల దగ్గర వంగాలి, నడిమధ్యలో వంగితే వద్దు. తడిబట్ట పిండినట్టు మెలితిప్పితే సులువుగా మెలి తిరగకూడదు. మడమ వెనక భాగాన్ని బొటనవేలితో నొక్కితే లోపలికి కుంగిపోకూడదు. మూడోది ఓడిన షూ మిగతా రెండూ నెగ్గినా నేను కొనను.

లేసా, వెల్క్రోనా?

లేసు కట్టుకోవడం వచ్చిన రోజు నుంచి లేసే. పాదం మీద ఎక్కడికక్కడ బిగించుకోవచ్చు, వెనక మడమను పట్టి ఉంచుతుంది. వెల్క్రో నాలుగైదు నెలలకు దారాలు, వెంట్రుకలు, మట్టి పట్టి పట్టు వదిలేస్తుంది. పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే కొంతకాలం లాగించవచ్చు. ఒకటి రెండు తరగతుల దాకా వెల్క్రో తప్పదు. ఆ వయసులో ఊడిన లేసు తొక్కి పడటం కంటే అదే మేలు. రెండు పట్టీలు ఉన్నది తీసుకోండి, ఒక్క పట్టీ చాలదు. లేసుల్లో గుండ్రటి నైలాన్‌వి జారి ఊడతాయి, చదునైన నూలువి ముడి నిలుస్తుంది.

ఆడపిల్లల బకిల్ షూ చూడ్డానికి బాగుంటుంది కానీ పైన అంతా ఖాళీ, కాలిని పట్టి ఉంచేది ఒక్క పట్టీయే. బడి ఒప్పుకుంటే అమ్మాయిలకు కూడా లేసు షూనే కొనమంటాను. ఒప్పుకోకపోతే పట్టీ వెడల్పుగా, పాదం మీద పైదాకా వచ్చే మోడల్ చూడండి, రంధ్రాలు చాలకపోతే ఇంకోటి వేయించుకోండి. లేసు గానీ పట్టీ గానీ లేకుండా దూర్చుకునేవి బడికి అసలు పనికిరావు.

ఎక్కడ కొనాలి

పెద్ద కంపెనీల షోరూంలో అన్ని సైజులూ ఉంటాయి, నడిపించి చూడొచ్చు, బిల్లు ఉంటుంది. జూన్ మొదటి వారం కంటే మే చివరి వారం వెళ్తే మీ సైజు దొరుకుతుంది, చూపించేవాళ్లకు ఓపిక కూడా ఉంటుంది. అంతకన్నా ముందు వద్దు, నెలన్నరలో కాలు మారిపోవచ్చు. బజార్లో చిన్న షాపుల్లో అదే నాణ్యత వంద, రెండొందలు తక్కువకు దొరకొచ్చు, కానీ పైన చెప్పిన పరీక్షలన్నీ చేసుకోవాలి. 2024 ఆగస్టు 1 నుంచి చాలా రకాల పాదరక్షలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి చేశారు, చిన్న తయారీదారులకు కొన్ని సడలింపులున్నాయి. గుర్తు ఉంటే మంచిదే, అది మన్నికకు ఎంతో కొంత భరోసా. అయితే కాలికి సరిపోతుందో లేదో ఆ గుర్తు చెప్పదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల లోపు జతలకు జీఎస్టీ 5 శాతమే, పాత ధర స్టిక్కరు కనిపిస్తే అడగండి.

ఆన్‌లైన్‌లో తప్పనిసరైతే పక్కపక్క సైజులు రెండు తెప్పించి, ఇంట్లో చాప మీద నడిపించి, సోలుకు మట్టి అంటకముందే ఒకటి తిప్పి పంపండి.

బడిలోనే కొనాలనే చోట చిక్కు వేరు. మా పాప బడిలో పోయినేడాది తరగతిని బట్టి సీల్ వేసిన పెట్టె చేతికిచ్చారు, తొడిగి చూడనివ్వలేదు. చిటికెనవేలు నొక్కుతోందని మార్చమంటే సీల్ తీశారు కాబట్టి కుదరదన్నారు. పెట్టె తెరవకుండా సరిపోతుందో లేదో ఎలా తెలుస్తుంది? ఈ ఏడాది డబ్బు కట్టకముందే ప్రిన్సిపాల్ గారిని కలిసి, నల్లరంగు, లేసు, గుర్తులు లేకుండా ఉంటే బయట కొన్నది వేసుకోవచ్చా అని అడిగాను. వేసుకోవచ్చన్నారు. అడిగి చూడండి, చాలా చోట్ల నియమం రంగు గురించే.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడుల పిల్లలకు 2020లో విద్యా కానుక మొదలైనప్పటి నుంచి కిట్‌లో బూట్లు, సాక్సులు ఇస్తున్నారు. ఇప్పుడు ఆ కిట్ పేరు సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర. కొలతలు ముందుగానే తీసుకుంటారు కాబట్టి ఆ రోజు పిల్లలు నిలబడి, రెండు కాళ్లూ కొలిపించుకునేలా చెప్పి పంపండి. వచ్చిన జత సరిపోకపోతే అదే వారం టీచర్‌కు చెప్తే పక్క పిల్లలతో మార్చుకోవడానికి వీలుంటుంది. ఆలస్యమైతే అందరూ తొడిగేసి ఉంటారు.

పాత షూ, తడి షూ

అన్న షూ తమ్ముడికి వేయొచ్చా అని అందరూ అడుగుతారు. కొన్ని నెలలే వాడినదైతే, సోలు ఒకవైపుకు అరగకపోతే వేయొచ్చు. చదునైన చోట పెట్టి వెనక నుంచి చూడండి. మడమ లోపలికో బయటికో వాలి ఉంటే వద్దు. షూ మొదటి పిల్లాడి నడక నేర్చుకుని ఉంటుంది, ఆ నడక రెండోవాడి మీద రుద్దుతుంది. ఇన్‌సోల్ మాత్రం కొత్తది వేయాల్సిందే.

వానలో తడిసి వస్తే లేసు, ఇన్‌సోల్ తీసేసి, లోపల న్యూస్‌పేపర్ ఉండలు చుట్టి పెట్టండి, గంటకోసారి మార్చండి. ఫ్యాన్ కింద, నీడలో. పొయ్యి పక్కన, ఫ్రిజ్ వెనక, మిట్టమధ్యాహ్నపు ఎండలో పెడితే సొల్యూషన్ వదిలి సోలు ఊడుతుంది, తోలైతే బిగుసుకుని పగులుతుంది. మెరుపు కోసం కొబ్బరినూనె రాయడం మన దగ్గర అలవాటు. దానికి దుమ్ము ఇంకా పడుతుంది, రెక్సిన్‌కు ఏ మేలూ చేయదు. వాసన వస్తుంటే రాత్రి చెంచాడు వంట సోడా చల్లి పొద్దున దులిపేయండి. సాక్సులు నూలు ఎక్కువ ఉన్నవి కొనండి, ఉత్త నైలాన్‌వి చెమట పీల్చవు.

ఇంటికి రాగానే షూ విప్పించడం మంచి అలవాటు. మన పొరుగు కర్ణాటకలో వైద్యులు 4 నుంచి 13 ఏళ్ల పిల్లలు 2,300 మందిని చూసి 1992లో ప్రచురించిన అధ్యయనంలో, పాదరక్షలు వాడే పిల్లల్లో 8.6 శాతం మందికి అరికాలు చదునుగా ఉంటే, ఒట్టికాళ్లతో తిరిగే వాళ్లలో 2.8 శాతం మందికే ఉంది. ముందు మూసి ఉండే షూ వేసుకునేవాళ్లలో ఇది ఎక్కువ కనిపించింది. బడిలో షూ తప్పదు. ట్యూషన్‌కూ, వీధిలో ఆటకూ కూడా అదే షూతో తిప్పడం తప్పుతుంది కదా.

ఈ జూన్‌కు నేను కొన్నవి ఇవి. నాలుగో తరగతి బాబుకు సైజు 1, రెక్సిన్, కుట్టు వేసిన టీపీఆర్ సోలు, లేసు, 690 రూపాయలు. ఎనిమిదో తరగతి పాపకు వెడల్పు మొన ఉన్న తోలు షూ, 1,850. పోయినేడాదీ ఈ ఏడాదీ తన కాలు ఒకే కొలత వచ్చింది కాబట్టి ధైర్యం చేశాను. ఇద్దరికీ బజార్లో తెల్ల కాన్వాస్. మా బీరువా తలుపు లోపల ఇద్దరి పాదాల బొమ్మలూ తేదీలతో అతికించి ఉన్నాయి. రెండు నెలలకోసారి, నెల మొదటి ఆదివారం, కొత్త బొమ్మ గీసి పాతదాని మీద పెట్టి చూస్తాం. వేళ్ల ముందు ఖాళీ 5 మి.మీ. కంటే తగ్గిన రోజు, షూ ఎంత బాగున్నా అది మారుస్తాం. షాపులో మాత్రం ఈసారి నేనే కింద కూర్చున్నాను. బాబు గుమ్మం దాకా నడిచి వెనక్కి వచ్చి, "మడమ కలిసే లేచిందా అమ్మా?" అని అడిగాడు. ఇంకోసారి నడవమన్నాను. ఎడమది కాస్త వదులనిపించింది. రెండో జతలో సరిపోయింది.